ఫోను పెట్టేసిన చేయి

2006 సెప్టెంబర్ 10, 11 రాత్రుల్లో అమెరికాలో ఏబీసీ టెలివిజన్ ‘ద పాత్ టు 9/11’ అనే రెండు భాగాల చిత్రాన్ని, మధ్యలో ఒక్క వ్యాపార ప్రకటన కూడా లేకుండా ప్రసారం చేసింది. జంట భవనాలు కూలి అప్పటికి అయిదేళ్లు. 1993లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద పేలిన బాంబు దగ్గర్నుంచి 2001 సెప్టెంబర్ 11 దాకా నిఘా సంస్థలు, పోలీసులు, మంత్రులు ఏం చేశారో, ఏం చేయకుండా వదిలేశారో చెప్పే కథ అది. సైరస్ నౌరస్తే రాశాడు, డేవిడ్ కన్నింగ్‌హామ్ తీశాడు. అందులో ఒక సన్నివేశం ఉంది. అఫ్ఘానిస్తాన్‌లో సీఐఏ మనుషులు, తాలిబాన్‌ను ఎదిరిస్తున్న నాయకుడు అహ్మద్ షా మసూద్ సైనికులు కలిసి బిన్ లాడెన్ ఉన్న చోటును చుట్టుముట్టి, పట్టుకోవడానికి అనుమతి కోసం కాచుకుని ఉంటారు. వాషింగ్టన్‌లో క్లింటన్ జాతీయ భద్రతా సలహాదారు శాండీ బర్గర్ బాధ్యత నెత్తిన వేసుకోవడానికి వెనకాడతాడు. విమర్శకులకు ముందుగా చూపిన ప్రతిలో ఆ సంభాషణ ఆయన ఫోను పెట్టేయడంతో తెగిపోతుంది. అలాంటిది ఎన్నడూ జరగలేదని బర్గర్ బహిరంగంగా అన్నాడు. ప్రసారానికి ముందు ఆ ముక్కను కుదించారు. ఫోను విసురుగా పెట్టేయడం ఆ దాడుల మీద జరిగిన విచారణ నివేదికలో లేదనీ, తన స్క్రిప్టులోనూ లేదనీ, చిత్రీకరణలో అప్పటికప్పుడు వచ్చిందనీ రచయిత నౌరస్తే స్వయంగా ఒప్పుకున్నాడు. దాదాపు మూడు వేల మంది చావుకు దారితీసిన ఒక వైఫల్యానికి గుర్తుగా జనం కళ్లలో నిలబడబోయిన కదలిక, ఒక నటుడి చేతికి ఆ క్షణాన తోచిన కదలిక.

నివేదిక ఏం చెప్పిందో చూడాలి. 2004 జులైలో వెలువడిన 9/11 కమిషన్ నివేదిక ప్రకారం, 1998లో సీఐఏ ఒక పథకం వేసింది. కాందహార్ విమానాశ్రయం దగ్గర తార్నక్ ఫార్మ్స్ అనే చోటు ఉంది. పదడుగుల గోడ లోపల సుమారు 80 మట్టి, కాంక్రీటు ఇళ్లు. బిన్ లాడెన్ అప్పుడప్పుడు అక్కడ నిద్రచేసేవాడు. దక్షిణాది అఫ్ఘాన్ తెగల మనుషులు రాత్రివేళ లోపలికి దూరి అతన్ని ఎత్తుకురావాలన్నది పథకం. మసూద్‌కు దీనితో సంబంధం లేదు. గోడ బయట కాచుకున్న అమెరికన్లు ఎవరూ లేరు. ఆ ఇళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉంటారు, దాడి జరిగితే వాళ్లు చనిపోవచ్చు, పట్టుకోబోయి చంపేస్తే అది హత్యగా మిగులుతుంది, అసలు ఆ తెగల మనుషులు అనుకున్నది చేయగలరో లేదో తెలియదు. ఈ సందేహాల మధ్య ఆ మే నెలలో పథకం ఆగింది. ఆపింది తానేనని సీఐఏ డైరెక్టర్ జార్జ్ టెనెట్ కమిషన్‌కు చెప్పాడు. ఇంత చిక్కు విషయాన్ని చిత్రం ఒక పిరికివాడి చేతిలో పెట్టింది. పెద్ద కథను చిన్నది చేయాలంటే కొన్ని కలపక తప్పదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఇక్కడ చిన్నదైంది కథ ఒక్కటే అనుకోను. కారణం అంటే ఏమిటి, తప్పు అంటే ఏమిటి అనే మన అవగాహన కూడా కుదించుకుపోయింది.

కారణం గురించి మన తార్కికులు ఎంతో జాగ్రత్తగా మాట్లాడారు. తెలుగువాడని మనం చెప్పుకునే అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో, దానికి తానే రాసిన ‘దీపిక’ వ్యాఖ్యలో కారణాన్ని నిర్వచిస్తూ రెండు షరతులు పెట్టాడు. కార్యానికి ముందు అది ఉండాలి, ప్రతిసారీ ఉండాలి. ఇంకో దాని వల్లనే లెక్క సరిపోతున్నప్పుడు దీన్ని వృథాగా కలపకూడదు. అలా వృథాగా కలిపిన దానికి అన్యథాసిద్ధం అని పేరు. కుండ కోసం మట్టి మోసుకొచ్చిన గాడిద కుండకంటే ముందే ఉంది. అయినా కుండకు కారణం కాదు, ఎందుకంటే మట్టి బండి మీద వచ్చినా కుండ అవుతుంది. కుమ్మరి తండ్రి లేకపోతే కుమ్మరి లేడు, కుమ్మరి లేకపోతే కుండ లేదు. అయినా తండ్రి కుండకు కారణం కాడు, కుమ్మరికే కారణం. శాస్త్రం చదివే పిల్లలకు మొదట్లోనే చెప్పే ఈ పాఠం, విపత్తు తర్వాత కథ చెప్పేవాళ్లు మొదట మరచిపోయే పాఠం. జరిగిన ఘోరానికి ముందు ఉన్నవన్నీ దాని కారణాలుగా కనిపిస్తాయి. ఒక ఫోను, ఒక ఫైలు, సంతకం పడని ఒక కాగితం, అన్నీ మట్టి మోసిన గాడిదలే అయినా, తెర మీద ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టగానే చక్రం తిప్పిన కుమ్మరులైపోతాయి. బర్గర్ ఫోను విషయంలో ఇంకో మెట్టు కిందికి దిగాం. అసలు లేని గాడిదను తెచ్చి కుండ పక్కన కట్టేశారు.

అయితే ఇక్కడి అసలు కష్టం వేరే చోట ఉంది. నిఘా వైఫల్యం అంటే ఎవరో చేసిన పని అని కాదు అర్థం, ఎవరో చేయని పని, చూడని సంగతి, చెప్పని మాట. లేనిదానికి బాధ్యత ఎలా మోపాలి? అభావం గురించి మన దర్శనాల్లో జరిగిన వాదం ఇక్కడ నాకు చాలా పనికివస్తుందనిపిస్తుంది. కుమారిల భట్టు అనుయాయులైన మీమాంసకులు, తర్వాత అద్వైతులు, అనుపలబ్ధిని, అంటే కనపడకపోవడాన్ని, ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. దానికి ఒక షరతు పెట్టారు. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనిపించే పరిస్థితి ఉండాలి. దీపం వెలుగుతున్న గదిలో నేల మీద కుండ కనపడలేదంటే అక్కడ కుండ లేదని తెలిసినట్టే. చీకటి గదిలో కనపడలేదంటే ఏమీ తెలియనట్టే. దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. యోగ్యత అన్న ఆ ఒక్క మాట జ్ఞానశాస్త్రం కోసం పుట్టింది, నీతిశాస్త్రం కోసం పుట్టలేదు. నేను దాన్ని నీతి వైపు తిప్పుకుంటున్నాను. ఒక మనిషి ఒక సంగతి చూడలేదని నింద వేయాలంటే, అతను కూర్చున్న చోటు నుంచి, ఆ రోజు, అతని చేతిలో ఉన్న దీపానికి అది కనిపించదగినదై ఉండాలి. కనిపించదగినది చూడకపోతే అది తప్పు. కనిపించదగనిది చూడకపోతే దుఃఖం, అంతే.

చిత్రం చూసేవాడి చేతిలో దీపం మరీ పెద్దది. 1975లో బరూక్ ఫిషాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. 1814 ప్రాంతపు బ్రిటిష్, గూర్ఖాల యుద్ధం గురించి కొంత వివరం ఇచ్చి, కొందరికి ఫలితం ఇదీ అని చెప్పాడు, కొందరికి చెప్పలేదు. ఫలితం తెలిసినవాళ్లకు ఆ ఫలితమే మొదట్నుంచీ ఎక్కువగా జరగదగినదిగా తోచింది. తమకు అలా తోచడానికి కారణం ఫలితం తెలియడమేనన్న స్పృహ వాళ్లకు లేదు. అంతకుముందే, 1962లో, రోబర్టా వోల్‌స్టెటర్ పెరల్ హార్బర్ మీద రాసిన పుస్తకంలో ఇదే సంగతిని దస్తావేజుల నుంచి చూపింది. దాడికి ముందు నిజమైన సంకేతం ఉంది, కానీ దాని చుట్టూ అర్థంలేని రొద కూడా ఉంది, దాడి జరిగాకే రొద సద్దుమణిగి సంకేతం విడిగా వినిపించింది. 9/11 కమిషన్ కూడా ఈ ప్రమాదాన్ని ఎరిగే రాసింది, వెనక్కి తిరిగి చూడటం గురించి ఒక అధ్యాయమే పెట్టింది. చిత్రానికి మాత్రం రొదను చూపే తీరిక లేదు. అబద్ధమని తేలిన వంద కబుర్లను చూపిస్తే ప్రేక్షకుడు లేచిపోతాడు. కాబట్టి వినిపించిన ప్రతి అనుమానమూ నిజమయ్యేదే, తోసిపుచ్చిన ప్రతి అధికారీ మూర్ఖుడే. హార్వీ కైటెల్ నటించిన జాన్ ఓనీల్ పాత్ర అంత బలంగా ఉండటానికి ఇదీ ఒక కారణం. నిజం ఓనీల్ అల్ ఖైదా గురించి ఏళ్ల తరబడి హెచ్చరించాడు, 2001 ఆగస్టులో ఎఫ్‌బీఐ వదిలి వరల్డ్ ట్రేడ్ సెంటర్ భద్రతాధికారిగా చేరాడు, కొన్ని రోజులకే అక్కడే చనిపోయాడు. ఆయన జీవితం కల్పన అవసరం లేనంత విషాదం. అయితే ఆయన నిజమయ్యాడు గనక అనుమానించేవాడు ఎప్పుడూ నిజమవుతాడన్న పాఠం నేర్చుకుంటే, దాని మూల్యం వేరేవాళ్లు చెల్లించాల్సి వస్తుంది.

ఆ మూల్యం ఏమిటో అదే చరిత్రలో ఉంది. నైరోబీ, దారెస్సలాంలలోని అమెరికా రాయబార కార్యాలయాల మీద దాడులు జరిగిన తర్వాత, 1998 ఆగస్టు 20న అమెరికా క్షిపణులు అఫ్ఘానిస్తాన్ శిబిరాలతో పాటు సూడాన్ రాజధాని ఖార్తూంలో అల్ షిఫా మందుల ఫ్యాక్టరీని కూల్చేశాయి. రసాయన ఆయుధాలతో దానికి సంబంధం ఉందన్నది అనుమానం. ఆ అనుమానానికున్న ఆధారాలు తర్వాత గట్టిగా నిలబడలేదు. ఇంటి దగ్గరికి వస్తే, 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలాక అనుమానం మీద పట్టుకుపోయిన యువకులు కొందరు జైల్లో గడిపి, చివరికి కోర్టులో నిర్దోషులుగా తేలారు. అప్పటి ప్రభుత్వం వాళ్లకు పరిహారం కూడా ప్రకటించింది. అనుమానించకపోవడం తప్పయిన రోజు గురించి చిత్రం తీశారు. అనుమానించడం తప్పయిన రోజుల్ని కూడా అదే కథలో, అదే బరువుతో చూపాలి. అలా చూపితేనే తార్నక్ ఫార్మ్స్ గోడ లోపలి పిల్లల గురించి తటపటాయించిన అధికారి పిరికివాడా, ధర్మభయం ఉన్నవాడా అన్న ప్రశ్న ప్రేక్షకుడి ముందు నిజంగా నిలబడుతుంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. ఈ యోగ్యత, ఈ చీకటి, ఈ రొద అంతా అధికారులకు కవచం కాదా? ప్రతి విపత్తు తర్వాతా పెద్దలు అనేది ఇదే కదా, ఎవరూ ఊహించలేకపోయేవారని? ఆక్షేపణలో న్యాయం ఉంది, అందుకే దీపం వెలుగుతున్న గదుల్ని విడిగా చూపాలంటున్నాను. అలాంటివి ఉన్నాయి. 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో అల్ ఖైదా మనుషులు కలుసుకున్నారు. వాళ్లలో, తర్వాత దాడిలో పాల్గొన్న ఖాలిద్ అల్ మిహ్‌దార్ చేతిలో అమెరికా వీసా ఉందని సీఐఏకి తెలుసు. అతని తోటివాడు నవాఫ్ అల్ హజ్మీ లాస్ ఏంజెలిస్‌లో దిగాడని ఆ మార్చిలోనే సీఐఏకి తంతి అందింది. ఇద్దరి పేర్లూ నిఘా జాబితాలోకి ఎక్కింది 2001 ఆగస్టు చివర్లో. అప్పటికైనా, మిహ్‌దార్‌ను వెతకమని న్యూయార్క్‌కు వెళ్లిన ఉత్తర్వు మీద మామూలు అని ముద్ర వేశారు, అంటే జవాబివ్వడానికి 30 రోజుల గడువు. దాడికి మిగిలింది మూడు వారాలు కూడా లేదు. ఇది కనిపించదగినది. ఎవరి చేతిలోనో కనిపించింది కూడా. పక్క గదికి చేరలేదు. యోగ్యత అనే కొలతతో చూస్తే ఇక్కడ నింద పడాలి, గట్టిగా పడాలి. ఈ కొలత అధికారుల్ని కాపాడదు, ఏ అధికారిని ఏ సంగతికి పట్టుకోవాలో చెబుతుంది. లేని సన్నివేశం మీద దేశమంతా వాదించుకున్న 2006 సెప్టెంబరులో, 30 రోజుల ముద్ర గురించి ఎంతమంది వాదించుకున్నారు? బూటకపు నింద చేసే పెద్ద అపకారం ఇదే. అది నిర్దోషిని నొప్పించడంతో ఆగిపోదు, దోషాన్ని దాచిపెడుతుంది కూడా.

రెండో ఆక్షేపణ కళాకారులది. నాటకం చరిత్ర కాదు, కవికి మార్చే హక్కు ఉంది. కాళిదాసే మార్చాడు కదా! నిజమే, మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగే, ఎరగనట్టు నటిస్తాడు. దుర్వాసుడి శాపం, ఉంగరం అక్కడ లేవు. కాళిదాసు ఆ రెంటినీ తెచ్చి, రాజు మరపును అతని దోషం కాకుండా చేశాడు. ‘అభిజ్ఞాన శాకుంతలం’ ఒక రకంగా గుర్తించలేకపోయిన కథే, కంటికి ఎదురుగా ఉన్న నిజం తెలియకపోయిన కథే. అయినా నాకు ఆ మార్పు తప్పుగా తోచదు. దుష్యంతుడు బతికి ఉన్న మనిషి కాడు, తనమీద పడే నిందను వినాల్సిన మనిషి కాడు. కాళిదాసు ఏ న్యాయ విచారణ నివేదికనూ ఆధారంగా చూపించలేదు. చిత్రం చూపించింది. కమిషన్ అధ్యక్షుడు థామస్ కీన్‌ను సలహాదారుగా పెట్టుకుంది. కవిత్వపు స్వేచ్ఛా, సాక్ష్యపు గౌరవమూ రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. సాక్షిగా బోనెక్కినవాడు కథ చెప్పకూడదు. చిత్రంలో కొన్ని పాత్రలు కలిపినవనీ, కాలాన్ని కుదించామనీ ముందే చెప్పారు కదా అంటే, చెప్పారు. కానీ ఆ మాట అక్షరాల్లో వచ్చింది, ఫోను బొమ్మలో వచ్చింది. ఏది గుర్తుంటుందో చూసేవాళ్లందరికీ తెలుసు.

ఇదే వరసలో ఇంకో సన్నివేశాన్నీ మాజీ విదేశాంగ మంత్రి మాడెలిన్ ఆల్‌బ్రైట్ ఖండించింది. 1998 క్షిపణుల గురించి పాకిస్తాన్‌కు ముందే చెప్పాలని ఆమె పట్టుబట్టినట్టు, దానివల్ల గుట్టు రట్టయినట్టు అందులో ఉంది. నివేదికలో ఉన్నది వేరు. క్షిపణులు పాకిస్తాన్ మీదుగా వెళ్లాలి. అవి భారతదేశం వేసినవని పాకిస్తాన్ పొరబడితే, అణ్వస్త్రాలు పరీక్షించి సుమారు మూడు నెలలే అయిన రెండు దేశాల మధ్య ఏమైనా జరగొచ్చు. అందుకని అమెరికా సైన్యంలో రెండో పెద్ద అయిన జనరల్ రాల్‌స్టన్ ఆ సమయానికి పాకిస్తాన్ సేనాధిపతి పక్కన ఉన్నాడు. మన ప్రాణాలు కూడా ఆ జాగ్రత్తలో ఉన్నాయి. చిత్రంలో అది ఒక స్త్రీ చేసిన పొరపాటుగా తగ్గిపోయింది.

మూడో ఆక్షేపణకు జవాబివ్వడం అన్నిటికన్నా కష్టం. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఒక ముఖం కావాలి. ఎవరి వల్ల అని అడిగితే వ్యవస్థ వల్ల అని జవాబు చెప్పడం ఏడుస్తున్నవాళ్లను పొమ్మనడంలా ఉంటుంది. ఇది కొట్టిపారేయలేని మాట. భగవద్గీత చివరి అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతారు. చోటు, కర్త, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఆ మీద దైవం. అంతా ఉండగా ఒక్క కర్తనే చూసేవాడు సరిగా చూడనట్టేనని కూడా అక్కడే ఉంది. ఆ మాట ఆత్మ స్వరూపం గురించి చెప్పింది, దాన్ని ప్రభుత్వ కార్యాలయాలకు అన్వయించడం నా సాహసం. అయినా దుఃఖంలో ఉన్నవాళ్లు ఒక్క కర్త కోసమే వెతుకుతారని మనం అనుకోవడం వాళ్లను తక్కువ చేయడం. ఆ కమిషన్ ఏర్పడింది ఎవరి వల్ల? భర్తల్ని పోగొట్టుకున్న న్యూజెర్సీ స్త్రీలు, వాళ్లతో పాటు ఇతర కుటుంబాలవాళ్లు, ప్రభుత్వం ఇష్టపడకపోయినా వెంటబడి సాధించారు. 2002 నవంబరులో దానికి చట్టం వచ్చింది. వాళ్లు అడిగింది ముఖాన్ని కాదు. ప్రశ్నల జాబితా చేతిలో పెట్టుకుని వచ్చారు. ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు, తెలిసినది ఎక్కడ ఆగింది అని అడిగారు. తర్కశాస్త్రం అడిగే ప్రశ్న ఏదో, పోగొట్టుకున్నవాళ్లు అడిగిన ప్రశ్న అదే.

ఆ ప్రశ్నకు న్యాయం చేసే చిత్రం తీయగలిగినవాళ్లు ఉంటే, ‘ద పాత్ టు 9/11’ తప్పుగా చూపిన మరో సన్నివేశం దగ్గర మొదలుపెట్టాలని కోరుకుంటాను. దాడి ఉదయం బోస్టన్ విమానాశ్రయంలో, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కౌంటర్ దగ్గర హైజాకర్ల నాయకుడు మహమ్మద్ అతా పేరు మీద హెచ్చరిక వచ్చినా పట్టించుకోకుండా పంపేసినట్టు అందులో ఉంది. ఆ సంస్థ అభ్యంతరం చెప్పింది. నిజానికి ఆ హెచ్చరిక వచ్చింది బోస్టన్‌లో కాదు, మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో, వేరే సంస్థ కౌంటర్‌లో. ఎవరూ దాన్ని తోసిపుచ్చలేదు. ప్రయాణికుల్ని వడపోసే కంప్యూటర్ అతాను సరిగ్గానే ఎంచింది. ఎంచిన ప్రయాణికుడి విషయంలో అప్పటి నియమం చేయమన్నది ఒక్కటే, అతను విమానం ఎక్కాడని తేలేదాకా అతని పెట్టెల్ని ఎక్కించకూడదు. బాంబు పెట్టెలో పెట్టి తను దిగిపోయేవాడి కోసం రాసిన నియమం అది. తనూ చనిపోదామని వచ్చినవాడి గురించి ఆ నియమం రాసినవాళ్లు ఆలోచించలేదు. కౌంటర్ దగ్గర ఉన్న ఉద్యోగికి అతన్ని చూసి లోపల ఏదో అనుమానం తగిలిందనీ, రూపం చూసి మనిషిని అనుమానించడం తప్పని తనను తానే మందలించుకున్నాడనీ ఆయన తర్వాత చెప్పాడు. ఆ మందలింపును నేను తప్పు అనలేను. అతా పోర్ట్‌లాండ్‌లో చిన్న విమానం ఎక్కాడు, ఎక్కాడని తేలాక పెట్టెలూ ఎక్కాయి. బోస్టన్‌లో విమానం మారేటప్పుడు ఆలస్యమై పెట్టెలు వెనకబడిపోయాయి. దాడి తర్వాత అవి బోస్టన్ విమానాశ్రయంలోనే దొరికాయి.